అధికారికంగా బయలుదేరినవాడు

సంచి అడుగున ముందు ఎండు నెత్తళ్ళ చేపల పొట్లం పెట్టాను. బట్టలకు వాసన పడుతుందని తీసేశాను. తీసేశాక, ఆ మంచుకొండల్లో వాడికి నెత్తళ్ళు ఎవరు వేయించి పెడతారనిపించి మళ్ళీ పెట్టాను. ఆ ఆదివారం పొద్దున తవిటినాయుడి సంచిని ఇలా నాలుగుసార్లు సర్ది నాలుగుసార్లు విప్పాను. అయిదోసారి వాడే వచ్చి జిప్పు లాగేశాడు.

"పెద్దమ్మా, నానెల్తన్నది సరిహద్దుకి. నువ్వు సర్దుతుంటే పెళ్ళికెల్తన్నట్టున్నాది."

"పెళ్ళికైతే మూడోనాటికి వచ్చీసేవోడివి గదా," అన్నాను.

వాడి తల్లి పారమ్మ గుమ్మంలో కూర్చుని వాడి బూట్లు తుడుస్తోంది. తలెత్తకుండానే, "అప్పా, ఆ ఊరగాయ సీసా మూత గట్టిగున్నాదో నేదో సూడు," అంది. అక్క వరసన నన్ను అప్పా అనే పారమ్మ రోజుకు పది మాటలు మాట్లాడుతుంది. మిగిలినవన్నీ నాకు వదిలేసింది.

సెలవు మీద వచ్చిన వాడికి అయిదో రోజునే ఫోను వచ్చింది. యుద్ధం మొదలైంది, శనివారం సాయంత్రంలోగా యూనిట్లో ఉండాలి, లేకపోతే పారిపోయినట్టు రాసుకుంటామని.

వాడికి నేనేమవుతానో ముందే చెప్పాలి. పారమ్మకు తొలి కాన్పులో, మలి కాన్పులో పిల్లలు పురిట్లోనే పోయారు. మూడోవాడు పుట్టగానే మా వైపు ఆచారం ప్రకారం చేటలో పడుకోబెట్టి అమ్మకానికి పెట్టారు. పిల్లలు లేని పక్కింటిదాన్ని నేను వెళ్ళి, చేటెడు తవుడు పోసి కొనుక్కున్నాను. వీడు పారమ్మ బిడ్డ కాదు, తవుడుకి అమ్ముడుపోయిన ఎవరి బిడ్డో అని చావును నమ్మించడం దీని ఉద్దేశం. అందుకే ఆ పేరు. కొన్న గంటకు పాలకోసం ఏడిస్తే మళ్ళీ తల్లి ఒళ్ళో పెట్టేశాను. అంటే నేను ఒక గంటసేపు తల్లిని. ఆ గంట గురించి ఇరవై ఆరేళ్ళుగా ఊరందరికీ చెబుతున్నాను.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. నాకు వీడ్కోళ్ళంటే భయం. మా ఆయన నేను ఏట్లో బట్టలుతుకుతుండగా పనికోసం ఖరగ్‌పూర్ వెళ్ళాడు. మా తమ్ముడు నేను జ్వరంతో స్పృహ లేకుండా ఉండగా అండమాన్ ఓడ ఎక్కాడు. ఇద్దరూ రాలేదు. కళ్ళారా చూసి సాగనంపని మనిషి తిరిగి రాడని అప్పటినుంచి నాకొక నమ్మకం పడిపోయింది. పక్కింటివాళ్ళు బజారుకు వెళ్ళినా వీధి మలుపు తిరిగేదాకా నిలబడి చూస్తాను. పాలమనిషి నన్ను చూసి సైకిలు వేగం పెంచుతాడు. నవ్వేవాళ్ళు నవ్వనీ, తవిటినాయుడి విషయంలో మాత్రం బండి చివరి పెట్టె కనుమరుగయ్యేదాకా రెప్ప వేయకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

ముగ్గురం కలిసి గెడ్డవలస స్టేషన్‌కు వెళ్ళేసరికి ప్లాట్‌ఫారానికి మామిడాకులు కట్టి ఉన్నాయి. బ్యాండు మేళం ఉంది. ఒక టీవీ చానెల్ కెమెరా, మైకు పట్టుకున్న హిమజ అనే అమ్మాయి, వాళ్ళందరి మధ్య తెల్ల సఫారీలో ప్రజాధైర్య ప్రచార విభాగం ప్రత్యేకాధికారి పరాంకుశం గారు ఉన్నారు. ప్రతి మండలం నుంచి పక్షం రోజుల్లో ఒక ఆదర్శ వీడ్కోలు చిత్రీకరించి పంపాలని పైనుంచి ఉత్తర్వు వచ్చిందట. మా మండలంలో సెలవు మీద ఉన్న సిపాయి తవిటినాయుడు ఒక్కడే.

"తల్లి ఎవరు?" అన్నారు పరాంకుశం గారు.

పారమ్మను ముందుకు తోశారు. హిమజ మైకు పెట్టింది. "అమ్మా, దేశం కోసం బిడ్డను పంపుతున్నారు. ఈ క్షణంలో మీకెలా అనిపిస్తోంది?"

పారమ్మ నిజంగానే ఆలోచించింది. "ఆడు పొద్దున్నుంచి ఏటీ తిన్నేదు," అంది.

"అది కాదమ్మా, గర్వంగా ఉందా?"

"ఆకలేస్తాది గదా, దారిలో."

పరాంకుశం గారు నొసలు చిట్లించారు. "ఈమె వాక్యములందు ధైర్యము పాలు తక్కువగా ఉన్నది. ఆహార విషయములు మా విభాగము పరిధిలోనికి రావు. బోర్డు చూపించండి."

కెమెరా పక్కన ఒక తెల్ల బోర్డు పట్టుకున్నారు. దాని మీద పెద్ద అక్షరాలు. పారమ్మకు చదువు రాదు. ఆమె బోర్డును చూసింది, కొడుకును చూసింది, కొడుకు కాలరు సర్దింది.

ఇక్కడే నేను చెడ్డాను. నేను బడికి పోలేదు. పకోడీల దుకాణంలో పనిచేస్తూ పొట్లాలు కట్టే పాత పేపర్ల మీద అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే నాకు తెలిసిన వార్తలన్నింటికీ సరిగ్గా అసలు విషయం దగ్గరే నూనె మరక ఉంటుంది. నేర్చుకోవడానికి ఆరేళ్ళు పట్టింది కాబట్టి అచ్చులో ఉన్నదల్లా నిజమేనని నమ్ముతాను. అది అబద్ధమైతే నా ఆరేళ్ళు ఏమైనట్టు? అక్షరం కనబడితే పైకి చదవకుండా ఉండలేను. బస్సులో 'తల, చేతులు బయట పెట్టరాదు' అని ఉన్నా, అందరికీ వినబడేలా చదివిగాని కూర్చోను.

ఆ రోజూ చదివేశాను. పారమ్మ వెనక నిలబడి, గొంతెత్తి: "వెళుతున్నది నా బిడ్డ కాదు, విజయం! నాకు మరో పది మంది బిడ్డలుంటే పది మందినీ పంపేదాన్ని!"

బ్యాండు మేళం ఆగిపోయింది. పరాంకుశం గారు అటూ ఇటూ చూశారు. "ఎవరు వారు?"

"దాలమ్మండి," అన్నాడు టీకొట్టు సింహాచలం. "ఆడిని తవుడుకి కొన్నది ఆవిడే."

పరాంకుశం గారు జేబులోంచి డైరీ తీశారు. "కొనుగోలు జరిగినదా? సాక్షులున్నారా?"

"ఊరంతా సాచ్చికమే బాబూ."

"తదుపరి తిరిగి విక్రయించినారా?"

"నేదండి, పాలకేడిస్తంటే ఊరికే ఇచ్చీసినాది."

"విక్రయము జరగనందున యాజమాన్యము నేటికీ ఈమెదే," అని ఆయన డైరీలో రాసుకున్నారు. "స్థానిక ఆచారానుసారము హక్కుదారు తల్లి. ఈమెతో కొనసాగించండి."

నేను పారమ్మ వైపు చూశాను. "నువ్వే సెప్పప్పా, నాకా మాటలు తెల్దు," అంది. కాదనవలసినదాన్ని. కానీ ఆమె ఆ మాట పూర్తి చేసేలోగా నేను కొంగు సర్దుకోవడం అయిపోయింది.

నా మాటలు ఒక్క దెబ్బకే వచ్చాయి. తవిటినాయుడి దగ్గరే ఇబ్బంది. "అమ్మా, విజయానికి వెళుతున్నాను" అనాలి వాడు. నోట్లోంచి ప్రతిసారీ "ఎల్లొస్తాను పెద్దమ్మా" అనే వస్తోంది.

"వస్తాను అనరాదు," అన్నారు పరాంకుశం గారు. "యుద్ధము మొదలైన వారములోనే వెనుకకు వచ్చు ప్రస్తావన ఏమిటి? ఇది వెనుకంజకు సూచన."

"మా వైపు ఎవులూ ఎల్తన్నానని అనరండి. శవం ఎల్తాది అలగ," అన్నాడు తవిటినాయుడు.

"పెద్దమ్మ అని కూడా అనరాదు. అమ్మ."

ఆరుసార్లు తీశారు. ఏడోసారి వాడు నా కాళ్ళకు మొక్కి, నేల చూస్తూ అనేశాడు. అది చాలా బాగా వచ్చిందని హిమజ మెచ్చుకుంది. ఈలోగా బండి వచ్చింది. సంచిని ముందుగా పెట్టెలో పెట్టించి, వాణ్ణి మెట్టు మీద నిలబెట్టి, నా చేత బొట్టు పెట్టించారు. బొట్టు పక్కకు జరిగిందని దింపి మళ్ళీ ఎక్కించారు. ఎండ కళ్ళలో పడుతోందని దింపి పక్క పెట్టె దగ్గరకు తీసుకెళ్ళారు. అక్కడ నిలబెట్టి కెమెరాను సర్దుకునేలోగా బండి వెళ్ళిపోయింది.

"సంపూర్ణము," అని పరాంకుశం గారు చేతులు జోడించారు.

"అయ్యా, నాను బండెక్కనేదు," అన్నాడు తవిటినాయుడు.

"దృశ్యములో ఎక్కినారు."

"నా సంచి ఎల్లిపోయినాది!"

"సంచి బయలుదేరినచో సిపాయి బయలుదేరినట్లే."

మా ఇంటి తరఫున యుద్ధానికి ముందుగా వెళ్ళినవి నెత్తళ్ళు.

సాయంత్రం ఆరు గంటల వార్తల్లో పారమ్మ ఇంట్లో ముగ్గురం కూర్చుని తవిటినాయుడు వెళ్ళిపోవడం చూశాం. బండి కదిలింది, మేళం మోగింది, నేను కంటతడి లేకుండా చెయ్యి ఊపాను. వాడు ఎలా ఎక్కాడో తెలియలేదు గానీ ఎక్కినట్టే ఉంది. "బాగెల్లినాన్రా," అనుకున్నాడు వాడు తనలో తాను. పారమ్మ వాడి కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది.

సోమవారం ఉదయం వాడు బట్టలు వేసుకుని మళ్ళీ స్టేషన్‌కు బయలుదేరుతుంటే వీధి మొగలోనే పరాంకుశం గారి జీపు అడ్డం వచ్చింది.

"ఎచటికి?"

"బండికండి. నిన్న ఎక్కనేదు గదా."

ఆయన వాణ్ణి గబగబా ఇంట్లోకి తోసి తలుపు వేశారు. "మీరు నిన్ననే వెళ్ళినారు. రాష్ట్రమంతయు చూసినది. ఒకే సిపాయి రెండు పర్యాయములు వెళ్ళినచో, మొదటి పర్యాయము వెళ్ళలేదని శత్రువునకు తెలిసిపోవును. మీరు ఊరిలో కనబడుటయే తప్పుడు వార్త. తప్పుడు వార్తకు శిక్ష ఉన్నది."

"అంటే నానే తప్పుడు వార్తనా?"

"కనబడనంత వరకు కాదు."

అలా తవిటినాయుడు ధాన్యం గాదె వెనక చేరాడు. చెప్పడానికి సిగ్గుగానే ఉంది, ఆ రెండు రోజులూ మా వీధి సంబరంగా ఉంది. ఊళ్ళో ఆడవాళ్ళందరూ పారమ్మను పలకరించడానికి వచ్చి, నాతో మాట్లాడి వెళ్ళేవారు. వాడు గాదె వెనక ఉన్నాడని అందరికీ తెలుసు. కానీ టీవీలో చెప్పాక కాదనడం మర్యాద కాదని అందరికీ ఉంది. ఎదురింటి రామాయమ్మ గుమ్మంలోంచే గట్టిగా అనేది: "ఓలమ్మా, తవిటినాయుడు సరిహద్దుకి సేరిపోనాడంట గదా! టీవీలో సెప్పినారు!"

గాదె వెనకనుంచి గొంతు: "సేరినాను పిన్నీ. కొంచెం టీ నీళ్ళుంటే ఇటు పంపండి."

"సలేస్తన్నాదేటి బాబూ అక్కడ?"

"సలి కాదు పిన్నీ, బొద్దింకలు."

సోమవారం సాయంత్రం వార్తల్లో వాడు ఒక కొండను పట్టుకున్నాడు. పేరు చెప్పారు, ఫోటో వేశారు, బాణం గుర్తు కొండ పైదాకా వెళ్ళింది. గాదె పక్కనుంచి మెడ సాచి వాడూ చూశాడు. "ఇంతలోనే కొండెక్కీసినానేటి? మా సుబేదారు సూస్తే మెచ్చుకుంటాడు," అన్నాడు. మంగళవారం పొద్దున రెండో కొండ. స్క్రీను కింద నడిచే అక్షరాలను నేను పైకి చదువుతున్నాను: వీరుడు తవిటినాయుడు ముందంజ, వీరుడు తవిటినాయుడు ముందంజ. చదివి చదివి, వాడికి అన్నం కంచం అందిస్తూ, ఒక్క క్షణం నాకే అనిపించింది: పాపం, ఆ కొండ మీద పిల్లాడికి ఇంత అన్నం ఎవరు పెడుతున్నారో! కళ్ళెదురుగా వాడు ముద్ద కలుపుకుంటున్నాడు. అచ్చులో వచ్చింది కదా, నా కళ్ళకంటే అది గట్టిది.

మంగళవారం మధ్యాహ్నం యూనిట్ నుంచి ఫోను వచ్చింది. ఫోను పెట్టేశాక వాడి మొహంలో నవ్వు లేదు. బుధవారం పదకొండుంబావు బండి దాటితే శనివారానికి చేరలేడు. చేరకపోతే పారిపోయినవాడి కింద లెక్క. కబురు పెడితే పరాంకుశం గారు వచ్చారు.

"కొండ మీద ఉన్నవారు పారిపోవుట ఎట్లు?" అన్నారు.

"కొండ మీదున్నోడు నాను కాదండి బాబూ! మావోళ్ళు హాజరు పిలిస్తే టీవీ పలుకుతాదేటి?"

ఆయన కుర్చీలో కూర్చుని చాలాసేపు రాసి, ముద్ర వేసి ఒక కాగితం ఇచ్చారు. నేను చదివాను. 'పై సిపాయి అధికారికముగా ఆదివారము నాడే బయలుదేరియున్నాడు. భౌతికముగా బయలుదేరవలసియున్నది. ఈ వ్యత్యాసమునకు శత్రువు మాత్రమే బాధ్యుడు.'

కాగితంతోపాటు ఏర్పాటూ చెప్పారు. వాడు లుంగీ కట్టి, తలకు తువ్వాలు చుట్టి, కూలివాడిలా గెడ్డవాగు దాటి అవతల హాల్టుకు నడవాలి. పదకొండుంబావు ప్యాసింజరు అక్కడ ఒక్క నిమిషం ఆగుతుంది. టీవీలో కనబడిన మనుషులెవరూ దగ్గరలో ఉండకూడదు.

"నేను ఉండాలి," అన్నాను. "నేను చూడకుండా వాడు వెళ్ళకూడదు. ముసుగేసుకునైనా వస్తాను."

"మీ ముఖము ఇప్పుడు రాష్ట్ర వ్యాప్తముగా సుపరిచితము."

ఆ మాటకు బాధపడవలసిన చోట నాకు కొంచెం బాగా అనిపించింది. అది కనిపెట్టినట్టే ఆయన గొంతు తగ్గించారు. "మీ వీడ్కోలును ఆదివారము నుంచి నలుబది పర్యాయములు ప్రసారము చేసినారు. రేపు ఉదయము జిల్లా కేంద్రమున పెద్ద కార్యక్రమమున్నది. ఎనిమిదిన్నర బండికి మీరు ఒకరిని సాగనంపిన చాలును. పిదప మా జీపే మిమ్ములను పదకొండు లోపు హాల్టు వద్దకు చేర్చును. జీపులో కూర్చుండి, తెర తొలగించి చూడవచ్చును."

నేను తవిటినాయుడి వైపు చూశాను. "పదకొండుకల్లా వచ్చీస్తాను నాయనా."

"రాపోతే ఊరుకోను పెద్దమ్మా," అన్నాడు వాడు. "నువ్వు నేకపోతే బండెక్కినట్టే ఉండదు నాకు."

బుధవారం పొద్దున ఎవరో ఇచ్చిన పట్టుచీర కట్టుకుని జిల్లా కేంద్రంలో ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. ఎదురుగా యూనిఫారంలో ఉన్న మనిషికి యాభై ఏళ్ళు దాటి ఉంటాయి. బొత్తాలు పట్టడం లేదు.

"నువ్వు సిపాయివేనా బాబూ?" అని అడిగాను మెల్లగా.

"అటెండర్నండి," అన్నాడతను అంతకంటే మెల్లగా. "సూరిబాబు. అసలైన సిపాయిలందరూ నిజంగానే వెళ్ళిపోయారంట, ఎవరూ దొరకలేదు. పక్క స్టేషన్‌లో దిగిపోతాను. కొంచెం తొందరగా కానివ్వండమ్మా, మా ఆవిడ వంకాయలు తెమ్మంది."

సూరిబాబును సాగనంపాను. ఎనిమిదిన్నర బండి సరిగ్గా వచ్చింది, అతను సరిగ్గా ఎక్కాడు, నేను తడబడకుండా చెప్పాను. పరాంకుశం గారు చప్పట్లు కొట్టారు. డ్రైవరు జీపు తలుపు తీసి నిలబడ్డాడు. టైము తొమ్మిది కాలేదు. ఆ జీపు ఎక్కి ఉంటే పదింటికి హాల్టు దగ్గర ఉండేదాన్ని.

హిమజ కెమెరా తిప్పి, "చూడండి అమ్మమ్మ గారూ, ఎంత బాగా వచ్చిందో," అని చూపించింది. చూశాను. నా నోట శత్రువు 'సత్రువు' అని వచ్చింది. బడికి పోయినవాళ్ళు నవ్వుకుంటారనిపించింది. ఇంటింటా చూస్తారు, ఇదీ నలభైసార్లు వేస్తారు. నలభైసార్లు నేను సత్రువు అంటాను.

"ఇంకొక్కసారి తీద్దామమ్మా," అన్నది హిమజ కాదు. పరాంకుశం గారు కూడా కాదు. నేనే అన్నాను. ఈ కథలో ఎవరి మీదైనా నెపం పెట్టాలని చాలా వెతికాను. ఆ ఒక్క మాటా నాదే.

తరువాతి బండి తొమ్మిదీ నలభైకి ఉంది. సూరిబాబును పక్క స్టేషన్ నుంచి మోటారుసైకిలు మీద వెనక్కి తెచ్చారు, చేతిలో వంకాయల సంచితో సహా. బండి ఆలస్యమన్నారు. పది అయింది. పదింబావు. నేను ప్లాట్‌ఫారం మీద శత్రువు, శత్రువు అని జపం చేస్తూ గడియారం చూస్తున్నాను. "ఎల్లిపోదామండి," అన్నాను. "ప్రకటించిన పిదప రద్దు చేయుట వెనుకంజ యగును," అన్నారు పరాంకుశం గారు. బండి పదీ నలభై అయిదుకు వచ్చింది. శత్రువును స్పష్టంగా పలికాను.

జీపు హాల్టు చేరేసరికి పన్నెండు. పట్టాలు రెండువైపులా ఖాళీగా ఉన్నాయి. పారమ్మ ఒక గడ్డిమోపు పక్కన కూర్చుని ఉంది. ఆమెను టీవీలో చూపించలేదు కాబట్టి ఆమె ఎక్కడికైనా వెళ్ళవచ్చు. గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని, దారిన పోయే మనిషిలా వచ్చి కొడుకును సాగనంపింది.

"ఎల్లిపోనాడా?"

"ఆఁ."

"నాకోసరం సూసినాడా?"

అబద్ధం చెప్పవచ్చు. పారమ్మకు ఆ విద్య రాదు. "సూసినాడప్పా. జీపొస్తాదని రోడ్డేపే సూసినాడు. బండి కదిలినాక గూడా తలుపు కాడ నిలబడి అటే సూసినాడు."

"ఏటన్నాడు?"

"ఎల్లొస్తానన్నాడు," అంది పారమ్మ. "ఇక్కడ ఒద్దనీవోళ్ళు నేరు గదా."

ఆమె మోపు ఎత్తుకోబోతే నేను చెయ్యి వేశాను. పట్టుచీరకు గడ్డి అంటుతుందని నా చెయ్యి తీసేసి, తనే ఎత్తుకుంది.

ఆ తర్వాత ఆ పని మానేశానని రాస్తే బాగుండును. మానలేదు. ఎవరినో ఒకరిని కళ్ళారా సాగనంపుతుంటే అది ఎక్కడో తవిటినాయుడికి చెందుతుందని నాకు నేను చెప్పుకున్నాను. జీపు వచ్చేది, వెళ్ళేదాన్ని. అటెండర్లు అయిపోయాక గుమాస్తాలను, గుమాస్తాలు అయిపోయాక పింఛను తీసుకుంటున్న ఒక హెడ్మాస్టరును సాగనంపాను. ఆయన నా బోర్డులో రెండు తప్పులు దిద్దారు. ఒకరోజు మనిషే దొరకలేదు. "ఖాళీ తలుపు వైపు చేయి ఊపండి, సిపాయిని తరువాత చేర్చుకొందుము," అన్నారు. ఊపాను. అది అన్నింటికంటే బాగా వచ్చిందన్నారు. కొత్త తల్లులకు నాచేత తరగతులు కూడా పెట్టించారు. ఏ మాట దగ్గర గొంతు వణకాలి, ఏ మాట దగ్గర వణకకూడదు అన్నది నేనే నేర్పాను.

టీవీలో తవిటినాయుడు పదకొండు కొండలు పట్టుకున్నాడు. యూనిట్ నుంచి మాత్రం ఒక్క ఉత్తరం వచ్చింది, శనివారం సమయానికే చేరానని, పరాంకుశం గారి కాగితం చూసి మేజరు గారు ఒక రోజంతా నవ్వారని.

నెల దాటాక పారమ్మ పేరున కవరు వచ్చింది. లోపల ఇంగ్లీషు కాగితం ఒకటి, దానికి తెలుగులో ఒకటి. పారమ్మ చేతులు కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "సదువప్పా," అంది.

జీవితంలో మొదటిసారి, అక్షరాలు కనబడుతున్నా నా నోరు లేవలేదు.

"సదువు," అంది మళ్ళీ.

చదివాను. ఆరు వాక్యాలున్నాయి. చదవడం అయ్యాక పారమ్మ కాగితం అడిగి తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, "ఇందులో ఆడి పేరెక్కడున్నాది?" అంది. వేలు పెట్టి చూపించాను. ఆ చోట చెయ్యి వేసుకుని చాలాసేపు కూర్చుంది. అవతలి పక్కింటి టీవీలో ఆదివారం నాటి మేళం మోగుతోంది. నా గొంతు వినబడుతోంది, వెళుతున్నది నా బిడ్డ కాదని.

మర్నాడు పరాంకుశం గారి ఆఫీసుకు వెళ్ళాను. ఆ దృశ్యం ఇక వేయవద్దని అడిగాను.

ఆయన లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించారు. తర్వాత కూర్చుని ఫైలు తెరిచారు. "మా ఫైలు ప్రకారము వారు ముందంజలో ఉన్నారు. ప్రసారము నిలిపినచో వెనుకంజ. పైపెచ్చు మాది వీడ్కోలు పథకము. తిరిగివచ్చుట గానీ, రాకపోవుట గానీ ఇందులో లేవు."

"పోయాడని ఒక్క మాట చెప్పించండి. ఆ మేళం వాడి తల్లి ఇంటి పక్కనే మోగుతోంది."

"అర్జీ పెట్టుకొనవచ్చును. తల్లి సంతకము ఉండవలెను."

అక్కడే కూర్చుని అర్జీ రాశాను. తల్లి పేరు అన్న చోట పైల పారమ్మ అని రాశాను. ఆయన చదివి వెనక్కి జరిపారు. "ఫైలులో తల్లి మీరు. ఈ పారమ్మ ఎవరో ఫైలునకు తెలియదు. సంబంధము లేని వ్యక్తి అర్జీ చెల్లదు. మీరు సంతకము చేయండి, పరిశీలింతుము."

కలం నా చేతిలోనే ఉంది. సంతకం పెడితే టీవీ ఆగవచ్చు. పెడితే ఆ ఫైలులో పారమ్మ ఎప్పటికీ ఎవరూ కాకుండా పోతుంది. నేను పెట్టలేదు. ఆ రోజు నుంచి జీపు ఎక్కలేదు. టీవీలో మాత్రం ఇప్పటికీ వేస్తూనే ఉన్నారు.

నేను కెమెరా ముందు బండెక్కించిన ఇరవై ముగ్గురూ అదే సాయంత్రం ఇళ్ళకు వచ్చేశారు. పారమ్మ కొడుకు పైల తవిటినాయుడు రాలేదు. కార్తీక బహుళ తదియ, బుధవారం, పగలు పదకొండుంబావు బండికి వెళ్ళాడు. మార్గశిర శుద్ధ అష్టమి, మంగళవారం నాడు పోయాడు.